దూది గదిలో దాచిన మేకపోతు

టీకా వేయడానికి ఒక ఇంటికి పోయినప్పుడు ముందు మేకను చూడకండి. దాన్ని పెంచే మనిషి ముఖం చూడండి. ఈ మాట మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదనుకోండి. ఆ వయసులో మా ధ్యాసంతా సూది సరిగ్గా దిగిందా లేదా అన్నదాని మీదే ఉండేది.

నేను పశువుల ఆసుపత్రుల్లో సహాయకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని. నంద్యాల, ఆళ్ళగడ్డ, ఆ చుట్టుపక్కల మండలాలు తప్ప వేరే లోకం పెద్దగా ఎరగను. జనం నన్ను డాక్టరనే పిలిచేవారు. నేను డాక్టర్ని కాదప్పా అని మొదట్లో చెప్పేవాణ్ని. "అట్లనా" అని తలూపి, వెంటనే మళ్ళీ డాక్టర్ సార్ అనేవారు. కొన్నేళ్ళకు చెప్పడం మానేశాను. ఇప్పుడు గ్రామ సచివాలయాల్లో పశువుల సహాయకులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. పెరట్లో నాలుగు మేకలు పెట్టుకున్నవాళ్ళకు ఏం చెప్పాలి సార్ అని అడుగుతారు. చెప్పేవి నాకు నోటికొచ్చు. కొట్టం తడి లేకుండా చూసుకోమనండి, మేత నేలమీద వేయవద్దనండి, నట్టల మందు వేళకు తాగించమనండి, కొత్తగా కొన్న జీవాన్ని కొన్నాళ్ళు వేరేగా కట్టేయమనండి. ఇవన్నీ మీకిచ్చిన పుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో లేనిదొకటి నా ఆఖరి పోస్టింగులో జరిగింది. అది చెబుతాను.

ఆ ఊరు ఆళ్ళగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారి పక్కన ఉంటుంది. పేరెందుకు లెండి. ఆసుపత్రిలో మేం ముగ్గురం. డాక్టరమ్మది కృష్ణా వైపు. కొత్తగా వచ్చింది, చిన్న వయసు. మా ఎండకు మొదటి వేసవిలోనే ముఖమంతా కమిలిపోయింది. అయినా నీడపట్టున కూర్చునే మనిషి కాదు. పైనుంచి వచ్చిన ఆర్డరు ఏదైనా సరే, చివరి అక్షరం దాకా అమలు చేయాల్సిందే. అటెండరుది ఉయ్యాలవాడ దగ్గర పల్లె. అతనికి నోరు ఎక్కువ, మనసు అంతకంటే ఎక్కువ. డాక్టరమ్మ "ఎక్కడికండీ?" అని అడిగితే "ఆడికే మేడమ్" అని చెప్పి మాయమైపోయేవాడు. ఆ "ఆడ" ఎక్కడో ఆమెకు రెండేళ్ళు పనిచేసినా అంతుపట్టలేదు.

ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంటాయన దూదేకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. పాత టీవీఎస్ బండి మీద దూది మూటలు కట్టుకొని పల్లెలు తిరిగేవాడు. అహోబిలంలో యాత్రికులు దిగే సత్రాల్లో పరుపులు చాలావరకు ఆయన చేతివే. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఆగాలి. ఇల్లు నడిపేది ఆయన భార్యే. ఆమెకున్న ఆధారం పెరట్లో మేకలు.

ఆ మేకలను చూస్తే నాకు ముచ్చటేసేది. మేకల్ని ఎలా పెంచాలో చూపించడానికి నేను వేరే ఊళ్ళవాళ్ళను ఆ ఇంటికే పంపేవాణ్ని. కట్టెలతో నేలకు ఎత్తుగా మంచె వేసి, దాని మీద మేకలు పడుకునేలా చేసింది. పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, పైన ఎప్పుడూ పొడిగా ఉంటుంది. గోడ వెంబడి అవిశ, సుబాబుల్ చెట్లు. కోసిన రెమ్మలు దూలానికి కట్టి వేలాడదీసేది. మేక తలెత్తి తినాలి, అదే దాని తత్వం. కాళ్ళ కింద పడిన మేతను ముట్టదు. తొట్లో నీళ్ళు పొద్దునా సాయంత్రం మార్చేది. ఈనబోయే మేకకు ఒక మూల, జబ్బు చేసినదానికి ఇంకో మూల. ఆమెకు ఇదంతా ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి పోయిన మాకే మాట్లాడేందుకు ఏమీ మిగల్చలేదు.

మేం టీకాలకు పోవడానికి ముందు సంవత్సరం ఆ ఇంటాయనకు ఊపిరి ఆడక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టారు. బతుకుతాడని ఎవరూ అనుకోలేదు. ఆ వార్డు బయట కూర్చొని ఆమె మొక్కుకుంది: మనిషి ఇంటికి వస్తే, బక్రీదుకు మా ఇంట్లో పుట్టిన పోతునే ఖుర్బానీ ఇస్తాను, కొనుక్కొచ్చి ఇవ్వను. ఆయన ఇంటికి వచ్చిన వారానికే ఒక మేక ఈనుతూ చచ్చిపోయింది. మగపిల్ల బతికింది. దాన్ని ఎత్తుకొచ్చి మంచం మీద ఆయన ఒళ్ళో పెట్టిందామె. ఆయన లేచి తిరగలేడు, అది లేచి నిలబడలేదు. వేరే మేక పాలు పిండి సీసాతో తాగిస్తూ ఇద్దరూ ఆ మంచం మీదే కోలుకున్నారు. కాళ్ళు వచ్చాక అది ఆయన వెనకాలే తిరిగేది. బండి తీస్తే అడ్డం నిలబడేది. ఖుర్బానీ ఇవ్వాల్సింది దాన్నేనని ఆలుమగలిద్దరికీ మొదటినుంచీ తెలుసు. ఆ సంగతి గురించి ఇంట్లో మాట్లాడుకునేవారు కాదట.

టీకాల రోజు మేం ఆ ఇంటికి పోయాం. పారుడు రోగానికి టీకా అది. ఆ రోగం తగిలితే మేకకు జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, తర్వాత ఆగకుండా పారుకోవడం. మందలు మందలు ఊడ్చుకుపోతాయి. టీకా ఒక్కటే దారి. ఆ విడతలో టీకాతో పాటు ప్రతి జీవం చెవికి పసుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి గుచ్చాలి. దాని మీద ఉండే నెంబరు కంప్యూటర్లో ఎక్కాలి. బిళ్ళ లేకుంటే టీకా లేదని డాక్టరమ్మ మాకు ముందే గట్టిగా చెప్పింది.

ఆ ఇల్లాలు మేకలన్నిటినీ ఒక్కొక్కటే పట్టుకొచ్చింది. బిళ్ళ గుచ్చినప్పుడల్లా తన చెవికే గుచ్చినట్టు ముఖం చిట్లించింది. అన్నీ అయ్యాక నేను అడిగాను.

"పోతు యాడమ్మా?"

"అమ్మేసినాము అన్నా," అంది.

పండక్కు ఇంకా చాలా రోజులుంది. ఆమె మొక్కు గురించి అప్పటికి మాకు తెలియదు. పెరట్లో పోతు కనబడలేదు, అమ్మేశానంది, సరేననుకున్నాం. అది పక్క గదిలో, దూది మూటల వెనకాల ఉంది. ఆయన తలుపు లోపల గడియ పెట్టుకొని, అరవకుండా దాని మూతి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ కాస్త సేపట్లో అది ఒక దిండు సగం తినేసిందని తర్వాత తెలిసింది.

చాలా రోజులు గడిచాయి. పండగ దగ్గర పడే కొద్దీ నంద్యాల సంతనుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో పోతులు ఊళ్ళోకి దిగడం మొదలైంది. ప్రతి ఏడూ రోగం వచ్చేది ఇట్లాగే. ఎక్కడో అంటుకున్న జీవం లారీ ఎక్కి వస్తుంది, ఒకరి గుమ్మం ముందు కట్టేస్తారు, అది తుమ్మితే చాలు. పిల్లలూ, ఈ మాట పండగ ముందు ఊరూరా చెప్పండి. మేం చెప్పాం. పండగ హడావుడిలో ఎవరికీ ఎక్కలేదు.

ఒక పొద్దున ఆమె ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. అటెండరు పలకరించాడు.

"ఏమ్మా, ఆడనే నిలబడినావు? మేకలు బాగుండాయా?"

"మేకలు బాగుండాయి."

"మరింగేంది?"

"పోతు మేత ముట్టల్యా."

"ఏ పోతు? అమ్మేసినావు గదా?"

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అబద్ధం చెప్పినా అప్పా," అంది.

అటెండరు నోట జోకు రాలేదు. మందుల పెట్టె తీసి బండికి కట్టాడు. ముగ్గురం వెంటనే బయలుదేరాం.

అది దూది గదిలో పాత బొంత మీద పడుకుని ఉంది. ముక్కు చీమిడితో కట్టుకుపోయింది. కళ్ళు అతుక్కుపోయాయి. పెదవులు, చిగుళ్ళు పుండ్లు. తోకంతా తడిసి వాసన కొడుతోంది. ఆయన దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. పోతు ఊపిరి, ఆయన ఊపిరి రెండూ గరగరమంటున్నాయి. గోడకు అవతల మంచె మీద మిగతా మేకలు చెవులకు పసుపచ్చ బిళ్ళలతో నెమరేస్తూ నిలబడ్డాయి. ఒక్కదానికి తుమ్ము కూడా లేదు. టీకా వేస్తే ఏమవుతుంది, వేయకపోతే ఏమవుతుంది అనేదానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాక్ష్యం ఆ ఇంట్లో కనబడడం నాకు చాలా బాధనిపించింది.

డాక్టరమ్మకు కోపం ఆగలేదు. "ఎందుకు దాచారు? చెప్పండి, ఎందుకు దాచారు?"

"చెవి మేడమ్."

"చెవేంటి?"

"చెవికి బొక్క పెడ్తాండారు గదా. ఖుర్బానీ ఇచ్చే జీవానికి ఐబు ఉండగూడదు. కొమ్ము ఇరగగూడదు, చెవి తెగగూడదు, కాలు కుంటగూడదు. దీన్ని మొక్కినా. అందుకని లోపల పెట్టినా." తర్వాత వార్డు సంగతి, మొక్కు సంగతి అంతా చెప్పింది.

ఐబు అంటే లోపం. ఆ మాట ఆ ప్రాంతంలో పనిచేసిన నాకు తెలియంది కాదు. డాక్టరమ్మకు నేనే విడమరిచి చెప్పాను.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే బిళ్ళ లేకుండానే టీకా వేసేదాన్ని కదమ్మా," అంది డాక్టరమ్మ. అని ఆగిపోయింది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు, "వేసేదాన్ని కాదేమోలే," అంది.

ఇంతలో ఊళ్ళో జీవాలు కొనే వ్యాపారి ఎట్లా పసిగట్టాడో, గుమ్మం దగ్గర ప్రత్యక్షమయ్యాడు. లోపలికి తొంగి చూశాడు. "ఊపిరుండగానే ఇచ్చేయక్కా. తొందరగా కోయించి అంగట్లో పెడితే ఎవురికి తెలుస్తాది? నీ దుడ్లు నీకొస్తాయి," అన్నాడు.

డాక్టరమ్మ నోరు తెరిచే లోపలే ఆ ఇల్లాలు లేచింది. "దీన్ని ఊరోళ్ళకు తినిపిస్తావా? నడువు ఈడినుంచి," అంది. గొంతు పెద్దది చేయలేదు. వాడు చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. జబ్బు జీవాన్ని కోసి అమ్మేవాడు మీ మండలంలో కూడా ఒకడుంటాడు, వాడి మీద కన్నేసి ఉంచండి.

డాక్టరమ్మ పోతును తలనుంచి తోకదాకా చూసి, చేతులు కడుక్కుని, ఆమె ముందు కూర్చుంది. విషయం సూటిగా చెప్పింది. ఈ రోగానికి మందంటూ లేదు. కానీ ఊపిరితిత్తులు చెడిపోకుండా సూదులు వేసి, సెలైన్ ఎక్కించి, నోటి పుండ్లు కడుగుతూ కాచుకుంటే బతికే అవకాశం ఉంది. ఆ సూది మందు ఒంట్లోనుంచి పోవడానికి చాలా రోజులు పడుతుంది. అప్పటిదాకా దాని మాంసం ఎవరూ తినకూడదు. పండగ అంతకు ముందే వచ్చేస్తుంది.

"సూదేస్తే పండక్కి పనికిరాదు. ఏయకపోతే సచ్చిపోతాది. అంతేనా మేడమ్?"

"అంతేనమ్మా."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆ చూపులో ఉన్న భయం పోతు గురించి ఒక్కటే కాదని మా ముగ్గురికీ అర్థమైంది. మొక్కు తప్పితే ఆ మనిషి ఊపిరి ఏమవుతుందోనని ఆమె భయం. పశువుల వైద్యం చేసేవాళ్ళం దానికి ఏం చెప్పగలం? అది మా పెట్టెలో మందు ఉన్న జబ్బు కాదు.

"హజ్రత్‌ను పిలుచుకరా అన్నా," అంది నాతో.

హజ్రత్ అంటే మసీదులో నమాజు చేయించే పెద్దాయన. ఆయన పగలంతా బస్టాండు దగ్గర చిన్న గదిలో బట్టలు కుట్టుకుంటాడు. నేను బండి మీద పోయి సంగతి చెప్పేసరికి, మెడలో టేపు అట్లాగే ఉంచుకొని నా వెనక ఎక్కాడు. 

వచ్చి గుమ్మంలోనుంచే పోతును చూశాడు. "ఇంత జబ్బుతో ఉండే జీవాన్ని ఇయ్యగూడదమ్మా. బాగుండేదాన్నే ఇయ్యాల," అన్నాడు. తర్వాత అడిగాడు, "మిగతావన్నీ బాగుండాయి గదా, దీనికొక్కదానికి ఎట్లొచ్చె?"

ఆమె చెప్పింది. చెవి, బిళ్ళ, దూది గది, అన్నీ.

ఆయన పెరట్లోకి పోయి ఒక మేకను దగ్గరికి తీసుకున్నాడు. బిళ్ళ గుచ్చిన చెవిని వేళ్ళ మధ్య పెట్టుకొని తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. చెప్పడానికి ఆయనకు మనసు రాలేదని నాకు తెలుస్తూనే ఉంది.

"ఇంత బొక్క ఐబు కాదమ్మా," అన్నాడు చివరికి, గుమ్మం దగ్గరికి తిరిగొచ్చి. "చెవి బాగా తెగిపోతే ఐబు. ఇది కమ్మ కుట్టించుకున్నట్టు. దీనికేమీ కాదు. నన్ను అడిగింటే చెప్పేవాణ్ని గదా."

 ఆమె పోతు పక్కన నేలమీద కూర్చుండిపోయింది. పోతు చెవిని, ఏ బొక్కా లేని ఆ చెవిని, అరచేతిలో పెట్టుకొని నిమురుతూ, "మీరు ఊళ్ళోనే ఉండారు," అంది. "ఊళ్ళోనే ఉండారు."

ఆమె అడగలేదు. బిళ్ళలు గుచ్చే ముందు డాక్టరమ్మ కూడా ఆయన్ను అడగలేదు. ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళలో ఇదే భయముందో, ఎన్ని పోతులు దాక్కున్నాయో మాకు తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. బస్టాండు దగ్గర బట్టలు కుట్టుకునే మనిషి దగ్గరికి ఎవరైనా ఒకసారి పోయి ఉంటే సరిపోయేది.  నేను పెరట్లోకి పోయి తొట్లో నీళ్ళతో ముఖం కడుక్కున్నాను.

అప్పుడు ఆమె మొగుడు మాట్లాడాడు, మధ్య మధ్య ఆగుతూ. "నా కోసరం మొక్కినావు. నేనింకా... ఊపిరి తీస్తానే ఉండా గదా. దీన్ని ఊపిరాడకుండా సంపి... నాకేం పుణ్యం? సూదెయ్యండి మేడమ్."

ఆమె హజ్రత్ వైపు చూసింది. "వచ్చేటి పండక్కి ఇయ్యమ్మా," అన్నాడాయన. "నీ మాట యాడికీ పోదు. జబ్బు చేసింది నువ్వు కావాలని చేసింది గాదు."

"అంతదాకా ఈయన ఉంటాడా?" అంది. మొగుడి ముందే అంది. 

డాక్టరమ్మ సూది తీసింది.

ఆ తర్వాత రోజులు పనిలో గడిచిపోయాయి. డాక్టరమ్మ రోజూ ఆసుపత్రికి రాకముందే ఆ ఇంటికి పోయేది. నేను సెలైన్ పెట్టేవాణ్ని. ఆ ఇల్లాలు పొటాష్ నీళ్ళతో నోరు కడిగి, పుండ్లకు మందు రాసేది. ఆయన రాగి జావ చేసి, చల్లారబెట్టి, కొంచెం కొంచెంగా చెంప పక్కనుంచి పోసేవాడు. తల ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. సీసాతో పెంచిన చేతులవి. అటెండరు తన పొలం గట్టునుంచి లేత తుమ్మ రెమ్మలు తెచ్చి మూతి ముందు ఆడించేవాడు. "దిండు తినేదానికి రుచి తెలిసినాది, ఆకు తినేదానికి తెల్ల్యాదా నీకు?" అని దాన్ని తిట్టేవాడు. ఒక రోజు అది ఒక రెమ్మ అందుకుంది. నమిలింది. అటెండరు ఆ సంగతి చెప్పడానికి ఆసుపత్రిదాకా పరిగెత్తుకొచ్చాడు, బండి అక్కడే మరిచిపోయి.

పండగ వచ్చింది. వాళ్ళింట్లో ఆ ఏడు ఖుర్బానీ లేదు. ఇరుగుపొరుగువాళ్ళ ఇళ్ళనుంచి ఖుర్బానీ మాంసం వంతులు వచ్చాయి. ఆమె తీసుకొని వండింది, కానీ తాను ముట్టలేదని ఆయన చెప్పాడు.

తర్వాతి విడత టీకాలకు డాక్టరమ్మ పైవాళ్ళనడిగి పద్ధతి మార్చుకుంది. ముందు హజ్రత్ దగ్గరికి పోయింది. ఆయన శుక్రవారం నమాజయ్యాక మైకులో చెప్పాడు, చెవికి బిళ్ళ గుచ్చితే ఏమీ కాదని, ఎవరూ జీవాలను దాచవద్దని. అయినా మొక్కు ఉన్నవాళ్ళు ఒప్పుకోకపోతే టీకా మాత్రం ముందు వేసేయమని డాక్టరమ్మ మాకు చెప్పింది. ఆ రోజు ఏ ఇంట్లోనూ గడియ వేసిన గది లేదు. పోతుకు బిళ్ళ గుచ్చేటప్పుడు చెవి పట్టుకున్నది ఆ ఇల్లాలే. 

ఆ ఏడాదంతా పోతు పెరిగింది. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, వెనక్కి తిరిగిన కొమ్ములు. మేం ఆ దారిన పోతే మందుల పెట్టె వాసనకు ముక్కు ఎగరేసేది గాని, మమ్మల్ని చూసి పారిపోయేది కాదు. డాక్టరమ్మ సంచిలో ఎప్పుడూ దానికోసం ఒక అరటిపండు ఉండేది. డాక్టర్లు ఇట్లాంటివి చేయకూడదంటారు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ని.

చలికాలంలో ఇంటాయనకు మళ్ళీ తిరగబెట్టింది. కర్నూలుదాకా పోవాల్సిన పని లేకుండా నంద్యాలలోనే తగ్గింది. కానీ మనిషి సగమయ్యాడు. దూది పని మానేశాడు.  ఆమె మేకలకు మేత కడుతూ కడుతూ ఆగి, లోపలినుంచి దగ్గు వినబడుతోందా అని చెవి అటు వేసేది. దగ్గు ఆగితే భయం, ఆగకపోతే భయం.

పండక్కు నెల ముందు డాక్టరమ్మ ఆమెతో ఒక మాట చెప్పి చూసింది. సంతలో మంచి పోతును చూసి నేను టీకాలేసి ఇస్తాను, దాన్ని ఇవ్వండి, ఇది ఉండనివ్వండి అని.

"నేను మాటిచ్చింది దీన్ని మేడమ్," అంది ఆమె. "బాధ లేకుండా ఇచ్చేదయితే అప్పుడే ఏదో ఒకటి కొని ఇచ్చిందును."

డాక్టరమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పండగ వారంలో సెలవు పెట్టి వాళ్ళ ఊరికి పోయింది. అంతకు ముందెప్పుడూ ఆమె సెలవు పెట్టగా నేను చూడలేదు.

పండగ ముందు రోజు ఆమె మొగుడు ఫోన్ చేశాడు. "రేపు నమాజుకు ముందే... ఒకసారి వచ్చి పో అన్నా. ఆమె రమ్మంటాంది. నువ్వు సూసి చెప్పల్లంట," అన్నాడు.

ఏం చూసి చెప్పాలో నాకు అర్థమైంది. అర్థమయ్యాక పోవద్దనిపించింది. మరుసటి నెల నా రిటైర్మెంటు. ఇన్నేళ్ళలో జీవాన్ని బతికించడానికి పిలిచినవాళ్ళే గాని, ఇందుకోసం పిలిచినవాళ్ళు లేరు. అయినా పోయాను. ఆ పోతు ఒంట్లో ఎక్కడ ఏముందో నాకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు, డాక్టరమ్మ కూడా లేదు.

పొద్దున్నే నేను చేరేసరికి మగవాళ్ళు కొత్త బట్టలతో పండగ నమాజుకు ఈద్గా వైపు పోతున్నారు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, అంత దూరం నడవలేడు. పోతు తాడు పట్టుకొని పెరట్లో నిలబడ్డాడు. దానికి స్నానం చేయించి దువ్వారు. ఆమె గోడకు ఆనుకొని ఉంది.

"సూడన్నా," అంది. "దానికి జబ్బు చేసిన్నప్పుడు లోపల ఏమన్నా మిగిలిందేమో. ఐబుంటే చెప్పు. ఐబున్నదాన్ని ఇచ్చి తప్పు చేయగూడదు."

నేను నోరు తెరిచి చూశాను. పుండ్లు మానిన చోట గుర్తు కూడా లేదు. పళ్ళు బాగున్నాయి. కళ్ళు, ముక్కు శుభ్రం. గిట్టలు చూశాను, కాళ్ళు వంచి చూశాను, నడిపించి చూశాను. స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా ఊపిరి విన్నాను. ఏ చప్పుడూ లేదు. అది నా చొక్కా గుండీ నాకుతోంది.

"బాగుందమ్మా," అన్నాను.

"దగ్గు?"

"లేదు."

ఆమె గోడ దగ్గరనుంచి ఒక అడుగు ముందుకేసింది. తర్వాత, "ఇంగొకసారి సూడన్నా," అంది.

ఆ మాటలో నాకు అంతా వినబడింది. ఊపిరితిత్తుల్లో కొంచెం మచ్చ ఉన్నట్టుంది అని నేనొక్క మాట అంటే చాలు. ఎవరూ కాదనరు, కనిపెట్టేవాళ్ళూ లేరు. పోతు ఈ పెరట్లోనే ఉంటుంది, వాళ్ళిద్దరూ దాన్ని ఇంకొన్నేళ్ళు చూసుకుంటారు. ఆమె అడుగుతున్నది అదే, నోటితో అడగకుండా. నాకూ ఆ మాట అనాలనే ఉంది. ఎంతగా ఉందంటే, స్టెతస్కోపు మళ్ళీ చెవులకు తగిలించుకున్నాక కూడా నా నాలుక మీద ఆ మాట సిద్ధంగా ఉంది.

దాని గుండె గట్టిగా, ఒక్క తీరున కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వెనకాల, తాడు పట్టుకున్న ఆయన ఊపిరి గరగరమంటూ వినబడుతోంది. రేపు ఆ గరగర ఎక్కువైతే ఈమె ఏమనుకుంటుంది? రెండుసార్లు మొక్కు తప్పాననుకుంటుంది. బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. అప్పుడు నేను వచ్చి, ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా, దానికేమీ లేదు అని చెప్పగలనా?

"ఏ ఐబూ లేదమ్మా," అన్నాను. "నిఖార్సుగా ఉంది."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి గాని కింద పడలేదు. తల ఊపింది, నేను చెప్పింది తనకూ తెలుసన్నట్టు. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇన్న్యావు గదా," అంది. "దానికి నీళ్ళు పెట్టు."

అని లోపలికి పోయింది. ఖుర్బానీకి ముందు జీవానికి నీళ్ళు తాగిస్తారు. ఆయన తాడు నా చేతికిచ్చి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, బక్కెట్టు నింపి తెచ్చాడు. పోతు చాలాసేపు తాగింది.